జూన్‌కు ముందే మొదలవ్వాల్సిన బడి

అడ్మిషన్ల కోసం స్కూళ్ల చుట్టూ తిరిగే తల్లిదండ్రుల్లో కొందరికి ఎక్కే గడపా దిగే గడపా ఒకే జవాబు చెబుతున్నాయి. ‘ముందు థెరపీ చేయించండి. కాస్త కుదురుకున్నాక తీసుకురండి, చూద్దాం’. ఆటిజం ఉన్న మూడేళ్ల, నాలుగేళ్ల పిల్లల అమ్మానాన్నలు వాళ్లు. జవాబు మర్యాదగానే ఉంటుంది. సీటు లేదని ఎవరూ అనరు, కాగితం మీద అసలే రాసివ్వరు. ఈలోగా ఏడాది గడిచిపోతుంది. మళ్లీ వెళ్తే ‘వయసెక్కువైంది, చిన్న క్లాసులో కూర్చోబెట్టలేం’ అంటారు. బడికి తగ్గట్టు పిల్లవాడే తయారై రావాలన్న ఈ లెక్క తప్పని మా అభిప్రాయం. తయారవ్వాల్సింది బడి. అదీ జూన్ 12న గంట కొట్టాక కాదు, కనీసం మూడు నెలల ముందు నుంచి.

దేశంలో ఐదు ప్రాంతాల్లో రెండు నుంచి తొమ్మిదేళ్ల పిల్లల మీద జరిగిన ఒక పెద్ద అధ్యయనం ఫలితాలు 2018లో వెలువడ్డాయి. ఆ ఐదింటిలో హైదరాబాద్ కూడా ఉంది. వందమందిలో సుమారు ఒకరికి ఆటిజం ఉన్నట్టు అందులో తేలింది. ఆ లెక్కన ఐదొందల మంది చదివే స్కూల్లో నలుగురైదుగురు కనిపించాలి. కనిపించడం లేదంటే గేటు దగ్గరే ఆగిపోయి ఉండాలి, లేదా పేరు చెబితే ఎక్కడ తీసేస్తారోనని ఇంట్లోవాళ్లు దాచి ఉండాలి. రెండోది మనం అనుకునేదాని కంటే ఎక్కువే జరుగుతోంది.

చట్టాలకు కొదవేమీ లేదు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ఆటిజాన్ని 21 వైకల్యాల్లో ఒకటిగా గుర్తించింది. ప్రభుత్వ నిధులతో నడిచేవే కాదు, ప్రభుత్వ గుర్తింపు ఉన్న ప్రతి విద్యాసంస్థా వివక్ష లేకుండా ఈ పిల్లలను చేర్చుకోవాలని, వాళ్ల అవసరానికి తగ్గ సర్దుబాట్లు చేయాలని 16వ సెక్షన్ చెబుతోంది. ఇందులో 40 శాతం వైకల్యం అనే గీత లేదు. వైకల్య శాతాన్ని ధ్రువీకరించే సదరం సర్టిఫికెట్ తెస్తేనే మాట్లాడతామనే స్కూళ్లు ఈ సెక్షన్ చదివినట్టు లేవు. 40 శాతం, ఆపైన ఉన్నవారికి ఉచిత విద్య హక్కు విడిగా 31వ సెక్షన్‌లో ఉంది. విద్యాహక్కు చట్టమైతే చేర్చుకునేటప్పుడు పిల్లలనూ తల్లిదండ్రులనూ వడపోసే పరీక్షలు పెడితే మొదటిసారి 25 వేల రూపాయల వరకు, ఆ తర్వాత ప్రతిసారీ 50 వేల వరకు జరిమానా వేయొచ్చంటుంది.

చిక్కల్లా వయసు దగ్గర ఉంది. ఉచిత విద్య హక్కు రెండు చట్టాల్లోనూ ఆరేళ్లకు మొదలవుతుంది. మన ఊళ్లలో బడి మూడేళ్లకే మొదలవుతుంది. నర్సరీలో సీటు దొరకని బిడ్డకు ఒకటో తరగతిలో హక్కు గుర్తుచేసి ఏం లాభం? అప్పటికి తోటిపిల్లలు వరుసలో నిలబడటం, డబ్బా మూత తీసుకోవడం, టీచర్ పిలిస్తే పలకడం నేర్చేసుకుని ఉంటారు. ఇతను మాత్రం థెరపీ సెంటర్లో ఒక్కడే ఒక పెద్దమనిషి ఎదురుగా కూర్చుని పజిల్ పెడుతుంటాడు. థెరపీ అవసరమే. నలుగురు పిల్లల మధ్య ఉండటం మాత్రం నలుగురు పిల్లల మధ్యే వస్తుంది.

ఆరేళ్ల లోపు వయసును ప్రభుత్వం పూర్తిగా వదిలేసిందనలేం. అంగన్‌వాడీలున్నాయి. ఎదుగుదల లోపాలను పసిగట్టడానికి 2013 నుంచి రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం వైద్య బృందాలు అంగన్‌వాడీలకు వెళ్తున్నాయి. అక్కడి నుంచి పంపడానికి జిల్లా స్థాయిలో సత్వర చికిత్సా కేంద్రాలున్నాయి. మండలాల్లో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం భవిత కేంద్రాలున్నాయి. అయితే అంగన్‌వాడీ మహిళా శిశు సంక్షేమ శాఖది, చికిత్సా కేంద్రం వైద్య శాఖది, భవిత విద్యాశాఖది. ఈ మూడింటి మధ్య పిల్లవాడి ఫైలు మోసేది తల్లి. ప్రతి గుమ్మంలో ‘ఎప్పుడు గమనించారమ్మా?’ అన్న ప్రశ్న దగ్గర్నుంచి మళ్లీ మొదలు.

అమెరికాలో స్థిరపడిన మన కుటుంబాలకు వేరే పద్ధతి తెలుసు. అక్కడ మూడేళ్ల లోపు సేవలు ఒక విభాగానివి, ఆ తర్వాత బాధ్యత ప్రభుత్వ పాఠశాలలది. ఆ చేతులు మారే సమయాన్ని ఫెడరల్ చట్టం గాలికి వదల్లేదు. మూడో పుట్టినరోజుకు కనీసం 90 రోజుల ముందు తల్లిదండ్రులతో సమావేశం పెట్టాలి. అర్హులైన పిల్లలకు పుట్టినరోజు నాటికి వ్యక్తిగత విద్యా ప్రణాళిక సిద్ధంగా ఉండాలి. అక్కడ అంతా సవ్యంగా నడుస్తోందని మేం అనం. కానీ అడగడానికి ఒక తేదీ ఉంది. మనకు లేనిది అదే.

ఇంతకీ సిద్ధం కావడమంటే కోట్ల ఖర్చేమీ కాదు. ఆటిజం ఉన్న చాలామంది పిల్లలకు కొత్త చోటు, కొత్త శబ్దం, చెప్పకుండా వచ్చిపడే మార్పు పెద్ద టెన్షన్. కాబట్టి మొదటి రోజు కొత్తగా ఉండకూడదు. మార్చి మధ్యలో ఒంటిపూట బడులు మొదలవుతాయి. మధ్యాహ్నం పిల్లలంతా వెళ్లిపోయాక తరగతి గదులు ఖాళీ. అప్పుడు వచ్చి గేటు, మెట్లు, కూర్చునే బెంచీ, ముఖ్యంగా బాత్రూమ్ చూసి వెళ్లనివ్వండి. రెండుమూడు సార్లు. అక్కడి ఫొటోలు తల్లి ఫోన్లోకి తీసుకెళ్తే వేసవంతా ఇంట్లో చూపిస్తుంది. యూనిఫాం, బూట్లు మే నెలలోనే వేసి అలవాటు చేయొచ్చు. మెడ వెనక గుచ్చుకునే చిన్న లేబుల్ ఒక పాప ఉదయాన్నంతా పాడుచేయగలదని తెలిసిన టీచర్, ఆమెను ‘మొండి’ అనదు.

ప్రార్థన సమయంలో మైకు హోరు భరించలేని పిల్లవాణ్ని మొదటి నెల దూరంగా వరండాలో నిలబడనిస్తే క్రమశిక్షణ ఏమీ చెడదు. గేటు దగ్గర తోపులాటకు పది నిమిషాల ముందో వెనకో రానివ్వొచ్చు. మధ్యాహ్న భోజనంలో గుడ్డు వాసన పడకపోతే వేరే మూల కూర్చోనివ్వొచ్చు. రోజు ఎలా సాగుతుందో బొమ్మలతో గోడకు అంటించిన పట్టిక, మాట రాని బిడ్డ చూపించడానికి ‘బాత్రూమ్’, ‘నీళ్లు’, ‘చాలు’ కార్డులు చాలా సాయపడతాయి. చెవులు మూసుకుని అరుస్తున్నాడంటే అల్లరి కాదు, తట్టుకోలేకపోతున్నాడని అర్థం. ఆ క్షణాన తీసుకెళ్లి కూర్చోబెట్టడానికి ఒక నిశ్శబ్దమైన మూల, తీసుకెళ్లడానికి అతనికి ముందే పరిచయమైన ఒక మనిషి ఉండాలి. మొదటి వారం గంట, తర్వాత రెండు గంటలు, దసరా నాటికి పూర్తి రోజు. కొందరికి సంక్రాంతి అవుతుంది, కానివ్వండి.

మధ్యలో భాష గురించి ఒక మాట. ‘కన్‌ఫ్యూజ్ అవుతాడు, ఇంట్లో ఇంగ్లిష్ ఒక్కటే మాట్లాడండి’ అన్న సలహా ఇక్కడా విదేశాల్లోనూ తెలుగు ఇళ్లలో చాలా నష్టం చేసింది. రెండు భాషలు వినడం వల్ల ఆటిజం ఉన్న పిల్లల భాష దెబ్బతింటుందనడానికి పరిశోధనల్లో ఆధారం దొరకలేదు. నాయనమ్మకు రాని భాషలో పెంచితే నాయనమ్మతో మాట్లాడే ఆ కాస్త అవకాశమూ పోతుంది.

ఇవన్నీ చేయడానికి మనుషులు కావాలి. ప్రాథమిక స్థాయిలో ప్రత్యేక అవసరాలున్న పది మంది పిల్లలకు ఒక స్పెషల్ టీచర్ ఉండాలని 2021లో సుప్రీంకోర్టు చెప్పింది, 2022లో కేంద్రం నోటిఫై చేసింది. రాష్ట్రాలు పోస్టులు మంజూరు చేయాల్సిందేనని 2025 మార్చిలో కోర్టు మళ్లీ ఆదేశించాల్సి వచ్చింది. తెలంగాణ 2024 డీఎస్సీ (టీచర్ల నియామకం)లోని 11,062 పోస్టుల్లో స్పెషల్ ఎడ్యుకేషన్‌వి 1,016. కోర్టు ఆదేశం తర్వాత ఆంధ్రప్రదేశ్ 2,260 పోస్టులు మంజూరు చేసింది. మంచిదే. అయితే ఇప్పటిదాకా ఊళ్లలో ఈ బరువు మోస్తున్నది భవిత కేంద్రాల్లో ఈ పిల్లలకు నేర్పే కాంట్రాక్టు రిసోర్స్ పర్సన్లు. వీళ్లు పనిచేసే సమగ్ర శిక్ష పథకంలోని కాంట్రాక్టు ఉద్యోగులు తెలంగాణలో 2024 డిసెంబరులో రెగ్యులరైజేషన్ కోసం సమ్మెకు దిగారు. ఆ పిల్లలను పేరు పెట్టి పిలవగలిగిన వాళ్లను రేపటి మీద భరోసా లేకుండా ఉంచి, కొత్త పోస్టుల అంకెలు చెప్పుకోవడం మాకు సబబుగా తోచడం లేదు.

ప్రైవేటు స్కూళ్లు ఈ లోటుకు కనిపెట్టిన మందు ‘షాడో టీచర్’. పిల్లవాడి పక్కన కూర్చునే ఆ మనిషిని తల్లిదండ్రులే తెచ్చుకోవాలి, జీతమూ వాళ్లే ఇచ్చుకోవాలి. స్కూలు ఫీజుకు పైన ఇది ఇంకో ఫీజు. అందరికీ అవసరమూ కాదు. పక్కనే పెద్దమనిషి కూర్చుంటే తోటిపిల్లలు దగ్గరికి రారని టీచర్లే చెబుతారు. చట్టం చేయమన్న సర్దుబాటును తల్లిదండ్రుల జేబులోకి నెట్టి స్కూలు చేతులు దులుపుకోవడం కుదరదు. చేర్చుకోలేమంటే ఆ మాట కారణంతో సహా రాసివ్వాలని విద్యాశాఖ ఆదేశించాలి. ఆ కాగితం పట్టుకుని తల్లిదండ్రులు వికలాంగుల హక్కుల కమిషనర్ దగ్గరికి వెళ్లగలుగుతారు.

రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలనూ మేం అడిగేది ఎక్కువేం కాదు. ఏటా ఫిబ్రవరిలో అంగన్‌వాడీ, చికిత్సా కేంద్రాల నుంచి ఈ పిల్లల వివరాలు, తల్లిదండ్రుల అంగీకారంతో, మండల విద్యాధికారికి (ఎంఈఓ) చేరాలి. మార్చిలోగా బడి ఖరారు కావాలి. జూన్ మొదటి రెండు వారాలు భవిత రిసోర్స్ పర్సన్ భవితలో కాకుండా ఆ పిల్లవాడు చేరిన బడిలో ఉండాలి. గంటో రెండు గంటలో వచ్చిన బిడ్డకు పూర్తి హాజరు వేయొచ్చని హెడ్మాస్టర్లకు రాతపూర్వకంగా చెప్పాలి. ఈ చివరిదానికి బడ్జెట్ కూడా అక్కర్లేదు, ఒక సర్క్యులర్ చాలు. ఒంటిపూట బడులు మొదలయ్యేలోపు అది రావాలి.