పంపు పోవాలి, పదిమందీ బతకాలి

విశాఖపట్నం దేనిమీద బతుకుతోందని అడిగితే కొందరు పోర్టంటారు, కొందరు ఉక్కు ఫ్యాక్టరీ అంటారు, కాస్త ఆశావాదులు ఐటీ అంటారు. వీళ్ళెవరూ గాజువాక ఆటోనగర్‌లో ఓ పూట నిలబడి చూసినవాళ్ళు కారు. సరుకు దింపకుండానే పికప్ వ్యాను ఒకటి తాడు కట్టించుకుని వీధిలోకి వచ్చిందంటే చాలు, టీ కొట్టు దగ్గర్నుంచి అందరి మొహాల్లోనూ వెలుగొస్తుంది. సెల్ఫ్ కొడితే తిరుగుతుంది గానీ స్టార్ట్ అవదు. డీజిల్ పంపు, అంటే ట్యాంకులోని డీజిల్‌ని ఒత్తిడితో ఇంజన్లోకి పంపేది, పోయిందన్నమాట.

ఇక అక్కణ్ణుంచి సంపద పంపిణీ మొదలవుతుంది. బండి లాక్కొచ్చినవాడికి కొంత. ‘ఎయిర్ పట్టిందేమో’ అని పైపులన్నీ వదులు చేసి, చేత్తో డీజిల్ ఎక్కించే ప్రైమింగ్ కొట్టి కొట్టి మళ్ళీ బిగించినవాడికి కొంత. ఎయిర్ కాదని తేలాక ఫిల్టరు అమ్మినవాడికి కొంత. ల్యాప్‌టాప్ తెచ్చి, స్టీరింగు కింద వైరు గుచ్చి, ‘రైల్ ప్రెషర్ రావట్లేదండి’ (డీజిల్ చిమ్మే ఇంజెక్టర్లకి దాన్ని పంచే గొట్టం పేరే రైల్) అని చెప్పి వెళ్ళినవాడికి కొంత. (ఆ సంగతి బండి ముందే చెప్పింది, కదలకుండా. కానీ స్క్రీను మీద కనిపిస్తే ఆ గౌరవమే వేరు.) ‘ఓసారి సెన్సర్ మార్చి చూద్దాం’ అన్నవాడికి ఇంకొంత. ఓనరు పూర్తిగా మెత్తబడ్డాక, అప్పుడు పంపు విప్పుతారు. ఇంత నిష్పక్షపాతంగా డబ్బు పంచిన సంక్షేమ పథకం మన రాష్ట్రంలో ఇంకోటి లేదు. సచివాలయం చుట్టూ తిరగక్కర్లేదు, రేషన్ కార్డు జిరాక్సు అడగరు. కులం, పార్టీ అసలే అడగరు.

ఈ మహత్తర వస్తువు చరిత్ర కొంచెం తెలుసుకోవాలి. రుడాల్ఫ్ డీజిల్ 1890లలో ఇంజన్ తయారుచేసినప్పుడు, ఇంధనాన్ని సిలిండరులోకి చిమ్మడానికి పక్కనే పెద్ద గాలి కంప్రెసరు ఉండాల్సివచ్చేది. ఆ బరువు మోసుకుంటూ రోడ్డు మీద తిరగడం అయ్యే పని కాదు. 1927లో బాష్ కంపెనీ ఇంజెక్షన్ పంపుల్ని వరసపెట్టి తయారు చెయ్యడం మొదలుపెట్టాకే డీజిల్ లారీలకు దారి దొరికింది. పాపం డీజిల్ అంతకు చాలా ముందే, 1913లో, ఇంగ్లండు వెళ్తూ రాత్రికి రాత్రి ఓడ మీంచి మాయమైపోయాడు. ఎందుకన్నది ఇప్పటికీ తేలలేదు. పంపు ఎస్టిమేటు చూసి మాత్రం కాదు.

పంపు లోపల ముందుకీ వెనక్కీ ఆడే కడ్డీ ప్లంజరు, అది ఆడే గొట్టం బ్యారెలు. ఆ రెంటికీ మధ్య ఉండే సందు రెండు మూడు మైక్రాన్లు. తల వెంట్రుక మందం డెబ్భై మైక్రాన్ల దాకా ఉంటుంది. కారు టైరులో గాలి ఒత్తిడి రెండు బార్ల పైచిలుకు అయితే, ఇంజెక్టర్లన్నిటికీ ఒకే రైల్ ఉండే కామన్ రైల్ బండిలో ఈ పంపు 1600 బార్లు, ఒక్కోచోట అంతకుమించీ పుట్టిస్తుంది. ఇంత ఇరుకులో, ఇంత ఒత్తిడిలో ఆ ప్లంజరుకి కందెన ఏమిటయ్యా అంటే, దాని గుండా పోయే ఆ డీజిలే. 2020 ఏప్రిల్ 1 నుంచి వస్తున్న బీఎస్-6 (కాలుష్య ప్రమాణం) డీజిల్లో గంధకం పది పీపీఎం, అంటే పది లక్షల్లో పది వంతులు, మించకూడదు. గంధకం తీసేటప్పుడు దాంతోపాటు సహజమైన జిడ్డుతనమూ పోతుంది కనక, దానికి మందు విడిగా కలుపుతారు. అంతవరకూ బాగానే ఉంది. అందులో నీళ్ళు చేరితే మాత్రం ఎవరూ ఏమీ చెయ్యలేరు. జిడ్డు పోయి ఇనుమూ ఇనుమూ రాసుకుంటాయి, పైగా తుప్పు.

మన ఊరి అదృష్టం చూడండి. డీజిల్ ఇక్కడే తయారవుతుంది. 1957లో కాల్టెక్స్ పెట్టి, తర్వాత హెచ్‌పీసీఎల్ చేతికి వచ్చిన రిఫైనరీ ఉంది. నీళ్ళకి సముద్రం ఉంది. ఉప్పగాలి, ఉక్కపోత. ట్యాంకు ఖాళీగా ఉంటే రాత్రి చల్లబడేసరికి లోపలి గోడలకి చెమ్మ పట్టి, కారి, అడుక్కి చేరుతుంది. ఈ అవకాశాన్ని మన డ్రైవర్లు ఒక్క రోజు కూడా వృథా పోనివ్వరు. ఏ ట్రిప్పుకా ట్రిప్పు మూడొందలు కొట్టించడం, రిజర్వు లైటు వెలిగాక ‘ఇంకో ముప్పై కిలోమీటర్లొస్తాది’ అంటూ అనంతగిరి ఘాట్ ఎక్కెయ్యడం ఓ తపస్సు. ఆ ఘాట్ మలుపులోనే బండి ‘ఇంతకన్నా లాగను’ అంటుంది. వెనక ఎంవీపీ రైతుబజారుకి పోవాల్సిన క్యాబేజీ.

పంపు విప్పే ఘట్టం మాత్రం ప్రతి ఓనరూ చూసి తీరాలి. మెకానిక్ పంపులో మిగిలిన డీజిల్ చేతిలోకి వంపుకుని, షెడ్డు బయట ఎండలోకి వచ్చి, అరచేయి అటూ ఇటూ వాలుస్తాడు. చంకీ పొడిలా మెరుస్తుంది.

“మెటల్ వచ్చేసినాది బాబూ.”

“ఏటి సేద్దాం మరి?”

“సేసేదేటుంది. పంపొక్కటీ ఏస్తే సరిపోదు. ఈ పొడి రైల్లోకీ, ఇంజెక్టర్లలోకీ ఎల్లిపోనాది. రిటర్న్ పైపులోంచి ట్యాంకులోకి కూడా.”

అతను చెప్పింది అక్షరాలా నిజం. ఇందులో మోసమేమీ లేదు. ట్యాంకు దింపి కడగాలి, పైపులు మార్చాలి, ఇంజెక్టర్లు నాలుగూ చూడాలి. కొత్తవే వేస్తే బిల్లు లక్ష దాటినా నోరెత్తే హక్కు ఎవరికీ లేదు.

ఈ వ్యవస్థకి ఒకే ఒక ముప్పుంది, టెస్ట్ బెంచి. పాత మెకానికల్ పంపుని దాని మీద బిగించి తిప్పితే, వరసగా నిలబెట్టిన గాజు గొట్టాల్లోకి ఒక్కో లైను డీజిల్ పడుతుంది. నాలుగింట్లోనూ మట్టం సమానంగా ఉందా, పంపు బాగున్నట్టే. ఎన్ని పంపులకి అక్కడ ప్రాణం లేచొచ్చిందో! లోపం పైపు జాయింటులో నలిగిన చిన్న రాగి వాషరుదని తేలిపోతుంది. పదిమంది నోటి దగ్గర కూడు అలా ఒక్క వాషరు పాలైపోతుంది. అందుకే అనుభవజ్ఞులు బెంచి దాకా పోనివ్వరు, ‘అసెంబ్లీ మార్చెయ్యడమే’ అని చెవితో విని చెప్పేస్తారు.

దైవభక్తిలో మనకి లోటు లేదు. కొత్త బండిని ఆసీల్‌మెట్ట సంపత్ వినాయకుడి దగ్గరికి తీసుకెళ్ళి, నిమ్మకాయలు తొక్కించి, కొబ్బరికాయ కొట్టాం. బంపరుకి దిష్టితాడు కూడా కట్టాం. ఇంత చేశాక ఫిల్టరు అడుగునున్న స్క్రూ వదులు చేసి నీళ్ళు తీయమనడం స్వామి మీద అపనమ్మకం కాదా? డ్యాష్‌బోర్డు మీద ఫిల్టరులో నీళ్ళున్నాయని దీపం వెలుగుతుంది నిజమే. దాని మీద స్టిక్కరు అంటిస్తే సరి.

ఇలాంటి నేల మీద కూడా పెందుర్తి వైపు ఒకాయన ఉన్నాడు. రాత్రి ట్యాంకు నింపి గానీ బండి నిలపడు. ఆదివారం పొద్దున్నే సీసా ఒకటి పట్టుకుని బండి కిందకి దూరతాడు, ఫిల్టరు నీళ్ళు అందులోకి వదిలి, అడుగున నీరెంత పైన డీజిలెంత అని వెలుతురుకి పెట్టి చూస్తాడు. ఫిల్టరు టైముకి మారుస్తాడు, అదీ అసలుది. ఏళ్ళ తరబడి అదే పంపు. పిల్లని ఇంజనీరింగు చదివిస్తున్నాడట, ఆ డబ్బు ఎక్కణ్ణుంచి వచ్చిందో వేరే చెప్పాలా? పోనీ ఏం బావుకున్నాడు? ఆటోనగర్ ఈ చివర్నుంచి ఆ చివరికి వెళ్ళి అడగండి, ఒక్కడికి కూడా ఆయన పేరు తెలీదు.