బేస్ బూస్ట్ మీట గారికి ఒక విన్నపం

మహారాజశ్రీ బేస్ బూస్ట్ గారికి,

విజయనగరం గంటస్తంభం దగ్గరి దుకాణంలో తమరిని కొని ఇంటికి తెచ్చుకొని నేటికి మూడు నెలలు. హెడ్‌ఫోన్స్ ఎడమ గిన్నె అడుగున, లోతైన మంద్రధ్వనులను పెంచే కందిగింజంత మీటగా కొలువుదీరి, ఎర్ర దీపం వెలిగించుకొని కూర్చున్న తమరిని చూసి, ఆటకూ పాటకూ సినిమాకూ ఒకే మందు దొరికిందని మురిసిపోయిన అమాయకుణ్ణి నేనే. దుకాణదారు తమరిని ఒక్కసారి నొక్కి, నా దవడ అదిరిన తరువాతే ధర చెప్పాడు.

మొదట పాట సంగతి మనవి చేస్తాను. 1919లో మహారాజా వారి సంగీత కళాశాల వెలసిన ఊరు కనుక, ఆ కళాశాలలో ఫిడేలు నేర్పిన ద్వారం వెంకటస్వామి నాయుడు గారి పాత రికార్డునే ముందుగా పెట్టుకున్నాను. ఆ కాలపు గ్రామఫోను రికార్డులలో లోతైన మంద్రధ్వని ఉండేదే తక్కువ. లేనిదాన్ని పెంచలేక తమరు ఉన్న రొదను పెంచి, నాయుడు గారి వెనుక పిండిమర తిరుగుతున్నట్టు వినిపించారు. అనుమానం వచ్చి ఫోనులో యాప్ తెరిచి, ఏ స్థాయి ధ్వని ఎంత పెరిగిందో చూపే గీతలు చూస్తే, అట్టడుగు గీతలు రెండూ 12 డెసిబెల్స్ ఎత్తున నిలబడి ఉన్నాయి. అంటే ఆ ధ్వనుల శక్తి దాదాపు 16 రెట్లు! పెళ్ళివారి బ్యాండుకు కూడా ఇంత ధైర్యం ఉండదు.

వీడియో ఆట విషయానికి వస్తే, శత్రువు అడుగుల సవ్వడిని పోల్చుకోవడానికి కావలసిన వివరమంతా చాలావరకు మధ్య, పై స్థాయి ధ్వనులలోనే ఉంటుంది. తమరేమో పుట్టుకతోనే బాంబుల పక్షం. మా అబ్బాయి చచ్చిన ప్రతిసారీ "వెనకాలే వచ్చాడు నాన్నా, వినబడనేలేదు" అంటున్నాడు. పెట్టె మీద, చుట్టూ ఎనిమిది స్పీకర్లున్నట్టు వినిపిస్తుందనే అర్థంలో 7.1 అని గొప్పగా అచ్చేసినా, లోపల ఉన్నవి చెవికొకటి చొప్పున రెండే స్పీకర్లు, మిగిలినదంతా లెక్కల కనికట్టు. దానికి వేరే లేఖ రాస్తాను.

ఇక సినిమా. హల్లులు తేటగా తెలియాలంటే సుమారు 2000 నుంచి 4000 హెర్ట్జుల మధ్య ధ్వని మరుగున పడకూడదు. తమరి హయాంలో కథానాయకుడు గొంతు తగ్గించి చెప్పిన రహస్యాలన్నీ రహస్యాలుగానే మిగిలిపోతున్నాయి. "ఏటన్నాడండీ?" అని మా ఆవిడ వాల్యూమ్ పెంచుతుంది, మరుక్షణమే పోరాట దృశ్యం వచ్చి చెవులు గింగురుమంటాయి. వారానికి 80 డెసిబెల్స్ అయితే 40 గంటలు, 90 అయితే 4 గంటలే హద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటోంది; తమరుండగా ఆ నాలుగు గంటలకు మాకు ఒక్క ఆదివారం చాలు.

పాటకు గీతలన్నీ సమంగా దించాను, ఆటకు పైవాటిని రవ్వంత లేపాను, సినిమాకు పెద్ద చప్పుళ్ళను అణిచే రాత్రి అమరిక పెట్టాను. అయినా, రాత్రి ఆపి పడుకుంటే పొద్దున హెడ్‌ఫోన్స్ ఆన్ చేయగానే తమరు మళ్ళీ ఎర్రగా హాజరు! అందుకని మా ఆవిడ బొట్టుబిళ్ళ ఒకటి తమరి నెత్తిన అంటించాను. చీకట్లో వేలికి అది తగలగానే, సినిమా పేర్లు పడేలోగా తమరిని నొక్కేస్తున్నాం.

ఇట్లు,
తమ బాధితుడు