650 మిల్లీమీటర్ల అల్లుడు

నాలుగు చక్రాలూ లాగే మా జీపు లాంటి బండి 650 మిల్లీమీటర్ల లోతు నీళ్లలో నడుస్తుందన్న సంగతి, దాన్ని కొన్న వారంలోనే హనుమకొండలో మా కాలనీ అంతటికీ తెలిసిపోయింది. నేనే చెప్పాను. పాలబ్బాయికి చెప్పాను, ఇస్త్రీ చేసే ఆయనకు చెప్పాను. ఎవరైనా ఆకాశం చూసి "వాన పడేట్టుందండీ" అంటే చాలు, వాళ్లను ఆపి మరీ చెప్పాను. 650 అంటే రెండడుగుల ఒకటిన్నర అంగుళం. తొడల దాకా అన్నమాట. అడగకపోయినా నా తొడ మీద చెయ్యి పెట్టి చూపించేవాణ్ని.

అయితే ఎనిమిది నెలల్లో మా బండి చూసిన అతి పెద్ద జలాశయం మా వీధి మలుపులోని వాన గుంత. దాన్ని ఆటోలు కూడా దాటతాయి. ఒక ఆటో ఎనిమిది మందితో, పైన గ్యాస్ పొయ్యితో దాటడం నా కళ్లతో చూశాను. మనసు చివుక్కుమంది.

అలాంటి సమయంలో శ్రావణ మాసంలో మా మరదలి సీమంతం వచ్చింది. వాళ్ల అత్తవారి ఊరు ములుగు దాటాక లోపలికి. ఊరికి రెండు దారులున్నాయి. ఒకటి తారు రోడ్డు, చుట్టూ తిరిగి ఇరవై రెండు కిలోమీటర్లు ఎక్కువ. రెండోది అడ్డదారి, మధ్యలో వాగు. వాగు మీదున్న చప్టా నిరుడు వరదకు సగం కొట్టుకుపోయింది. ఇప్పుడు దాని పక్కన ట్రాక్టర్లు దిగి ఎక్కే బాట ఉంది. ఏ దారిలో వెళ్లాలో నేను ఎవరినీ అడగలేదు.

బయల్దేరే రోజు తెల్లవారుజామునే లేచి లుంగీ ఎగ్గట్టి బండి కడిగాను. ఇలాంటి బండ్లలో ఉన్న సుఖం ఏమిటంటే లోపల కూడా పైపు పెట్టి కడగొచ్చు. మ్యాట్లు తీసేసి, కాళ్ల దగ్గరున్న నాలుగు రబ్బరు బిరడాలు పీకితే, నీళ్లన్నీ కింది నుంచి వెళ్లిపోతాయి. తళతళలాడేలా కడిగాను. ఈలోగా లోపల్నుంచి "చాయ్ సల్లారిపోతుంది" అని కేక. వెళ్లాను.

బండిలో నలుగురం. నేను, మా ఆవిడ, మా అత్తమ్మ, మా బావమరిది. మావాడు ఇంజినీరింగ్ మూడో సంవత్సరం. ఆ వయసులో మనిషికి తెలియనిది ఉండదు. మనుషులు కాక ఒడిబియ్యం మూట, అరిసెల బుట్ట, పట్టుచీర, పండ్లు, వీటన్నిటికీ పెద్దదిక్కులా ఒక స్టీలు డబ్బా నిండా సకినాలు. ఆ సకినాల కోసం అత్తమ్మ, ఆమె తోడికోడళ్లు రెండు రోజులు నేల మీద గుడ్డలు పరుచుకుని కూర్చుని చుట్టారు. డబ్బాను సీటు మీద పెడితే కుదుపులకు విరిగిపోతాయని, కాళ్ల దగ్గర కింద పెట్టించింది అత్తమ్మ. ఆ మాట గుర్తుంచుకోండి.

వాగు దగ్గరికి వచ్చేసరికి పదకొండయింది. రెండు రోజులుగా వాన లేదు. నీళ్లు తేటగా, నెమ్మదిగా పారుతున్నాయి. గట్టున ఒక తాత బర్రెలను కాస్తున్నాడు. నేను దిగకుండా ఇంజిన్ ఆపి, "అరగంట ఆగుదాం" అన్నాను.

"ఎందుకు కొడుకా?" అంది అత్తమ్మ.

"గంటన్నర నడిచి ఇరుసులు వేడెక్కి ఉన్నాయి అత్తమ్మా. వేడి మీద చల్లటి నీళ్లలో దింపితే లోపలి గాలి ఒక్కసారిగా ముడుచుకుని, సీళ్ల సందుల్లోంచి నీళ్లను లోపలికి లాగేస్తుంది. గేర్ ఆయిల్ పాలు పోసిన కాఫీలా అయిపోతుంది."

అత్తమ్మ కూతురి వైపు చూసింది. ఆ చూపులో, ఈ పిల్లగాన్ని మనం సరిగ్గా విచారించే ఇచ్చినమా అన్న ప్రశ్న ఉంది.

ఆ అరగంటలో నేను ఖాళీగా లేను. నీళ్లలోకి బండి దిగే ముందు మనిషి దిగాలి. ఇది మొదటి సూత్రం. మనిషి నిలబడలేని ఉరవడిలోకి బండిని దింపకూడదు. రెండడుగుల నీళ్లు గట్టిగా పారుతుంటే ఎంత పెద్ద బండినైనా ఆకులా తోసుకుపోతాయి. ప్రతి వానాకాలం మనం టీవీలో చూస్తూనే ఉంటాం. అందుకే సంచిలోంచి పొద్దుటి లుంగీ తీసి కట్టుకున్నాను. లుంగీ అంచుకు ఏదో ముడి వేసి ఉంది. చిల్లర అయివుంటుందిలే అనుకున్నాను. చేతిలో కట్టె. దానికి ఇంటి దగ్గరే కొలిచి 65 సెంటీమీటర్ల దగ్గర ఎర్ర టేపు చుట్టి తెచ్చాను. ఎడమ చక్రం పోయే దారిలో ఒకసారి, కుడి చక్రం పోయే దారిలో ఒకసారి, అడుగు అడుగుకీ గుచ్చి చూసుకుంటూ వెళ్లాను. ఆ ముడి ప్రతి అడుగుకీ తొడకు తగులుతూనే ఉంది. అవతలి గట్టు మెత్తగా ఉందేమోనని ఎక్కి దిగాను. కింద గులకరాళ్లు, గట్టి నేల. అన్నిటికన్నా లోతైన చోట 58 సెంటీమీటర్లు.

నేను మూడోసారి కొలుస్తుండగా ఒక ట్రాక్టర్ వచ్చింది. డ్రైవర్ ఒక చేత్తో ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని, ఎవరితోనో యూరియా గురించి పోట్లాడుతూ, నా పక్కనుంచే దాటి వెళ్లిపోయాడు. నన్ను చూడను కూడా లేదు. నాకేం బాధ లేదు. ట్రాక్టర్‌కు గాలి పీల్చే గొట్టం బానెట్ పైనే ఉంటుంది, పొగ గొట్టం ఆకాశంలోకి ఉంటుంది. నీళ్లలో దిగే బండ్లకు విడిగా బిగించుకునే స్నోర్కెల్, అంటే పైకి లేచే గాలి గొట్టం, దానికి పుట్టుకతోనే వచ్చింది. ఆ వెనకే దిగిన బర్రెలు కూడా అంతే. నీళ్లు లోతుగా ఉంటే ఒళ్లంతా ముంచి ముక్కు మాత్రం పైకెత్తి పోతాయి. సూత్రం ఒక్కటే. ఇంజిన్ అయినా బర్రె అయినా ముక్కులోకి నీళ్లు పోకూడదు.

తాత బీడీ ఆర్పి అడిగాడు. "ఏం బిడ్డా, పొద్దటి సంది కొలుస్తున్నవ్. సర్వేకొచ్చినవా?"

"కాదు తాతా, బండి దాటిద్దామని."

"దాటితే దాటు మరి. మొన్నయితే ఈడ తాడెత్తు వారింది. ఇయ్యాల నా బర్రెకు పొట్ట తడుస్తలేదు."

మూడు సార్లు కట్టెతో నేను కనిపెట్టింది ఆయన బర్రె పొట్ట చూసి చెప్పేశాడు.

ఇక బండిలో అందరికీ సూచనలు ఇచ్చాను. ఏసీ ఆపేశాను. అద్దాలన్నీ దించాను. బెల్టులు తీసేయమన్నాను, ఏదైనా అయితే గబుక్కున బయటికి రావాలి కదా.

"బెల్టు తీస్తే పోలీసోళ్లు ఫైన్ ఎయ్యరా?" అంది అత్తమ్మ, వాగు వైపు అనుమానంగా చూస్తూ.

ముఖ్యమైన సంగతి మా ఆవిడకు ప్రత్యేకంగా చెప్పాను. మధ్యలో ఇంజిన్ ఆగిపోతే ఎవరూ తాళం తిప్పకూడదు. గాలిని నొక్కితే నొక్కుకుంటుంది. నీళ్లు నొక్కుకోవు. సిలిండర్‌లోకి నీళ్లు పోయాక స్టార్ట్ చేస్తే కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. ఇంజిన్‌కు విడిగా ప్రొటెక్షన్ తీసుకోకపోతే మామూలు ఇన్సూరెన్స్ ఆ ఖర్చు ఇవ్వదు.

"మరి మనం తీసుకున్నామా?" అంది.

నేను నాలుగు చక్రాలూ నిదానంగా, బలంగా లాగే 'ఫోర్-లో' మీట వేశాను.

రెండో గేరులో, మనిషి నడిచే వేగంతో దిగాం. క్లచ్ మీద కాలు లేదు, యాక్సిలరేటర్ మీద కాలు కదలదు. ఇలా ఒకే వేగంతో పోతే బండి ముందు ఒక అల లేస్తుంది. ఆ అల వెనక, సరిగ్గా ఇంజిన్ ఉన్న చోట, నీటి మట్టం కాస్త కిందికి దిగుతుంది. ఆ అల మీద నమ్మకంతోనే వెళ్లాలి. ఆగావా, అల వెనక్కి తిరిగి వచ్చి ఇంజిన్ మీద కూర్చుంటుంది. అందుకే ఏం జరిగినా సరే ఆగకూడదు. నేను చదివిన ప్రతిచోటా ఇదే రాసి ఉంది. అల లేచింది. ఎంత బాగుందో! తాత కూడా లేచి నిలబడ్డాడు. ఎనిమిది నెలల జీవితం సార్థకమైంది.

సరిగ్గా అప్పుడు నా కుడి పాదానికి చల్లగా తగిలింది.

తర్వాత ఎడమ పాదానికి. వెనక నుంచి అత్తమ్మ "అయ్యో, అయ్యో, ఊట లేసింది!" అని కేక. తిరిగి చూద్దామంటే కళ్లు దారి మీద నుంచి తీయకూడదు. అద్దంలో చూశాను. అత్తమ్మ రెండు కాళ్లూ సీటు మీదికి ఎత్తి, ఒడిబియ్యం మూట నెత్తిన పెట్టుకుని ఉంది. ఆమె ముందు జానెడు ఎత్తున నీళ్లు బుగబుగమంటూ పైకి లేస్తున్నాయి.

"ఆపండి! ఆపండి!" అంది మా ఆవిడ.

"ఆపకూడదు!" అన్నాను.

"సకినాలు! సకినాల డబ్బా!"

"ఆపకూడదు!"

"ఆపు కొడుకా, నీ కాళ్లు మొక్కుత!"

"ఆపకూడదు అత్తమ్మా, అల పోతుంది!"

బావమరిది మాత్రం ప్రశాంతంగా ఉన్నాడు. "బావా, ఇది మంచిదే. నీళ్లు లోపలికి రాకుంటే బండి పడవలెక్క తేలుతది. నీళ్లు బండి నేలకన్నా పైకి లేచేకొద్దీ టైర్ల మీద బరువు తగ్గుతది. టైర్లకు పట్టు పోతది. ఇప్పుడు నీళ్లు లోపలున్నయి కాబట్టి బండి తేలదు." వాడు చెప్పింది నిజం. నిజాన్ని కూడా ఎప్పుడు చెప్పాలో ఇంజినీరింగ్‌లో నేర్పాలి.

సకినాల డబ్బా నెమ్మదిగా తేలి, వంగి, మూత ఊడింది. అరిసెల బుట్ట దాని వెనకే ఊరేగింపుగా వెళ్లింది. ఒక సకినం ముందు సీట్ల మధ్యలోంచి ఈదుకుంటూ వచ్చి నా గేర్ రాడ్ దగ్గర ఆగింది. గుండ్రంగా, నువ్వులతో, చాలా అందమైన సకినం.

అవతలి గట్టు ఎక్కాం. ఇంజిన్ ఒక్కసారి కూడా దగ్గలేదు. బ్రేకులు ఆరడానికి రెండు మూడుసార్లు మెల్లగా నొక్కి వదిలాను. బానెట్ ఎత్తి డిప్ స్టిక్ తీసి చూశాను. ఆయిల్ నల్లగా, స్వచ్ఛంగా ఉంది, పాల ఛాయ లేదు. గాలి ఫిల్టర్ పొడిగా ఉంది. "చూశారా!" అన్నాను. ఎవరూ చూడలేదు. ముగ్గురూ వంగి బండి కింద చూస్తున్నారు.

బండి కింది నుంచి నీళ్లు పోతున్నాయి. ఎక్కడపడితే అక్కడ కాదు. నాలుగు ధారలుగా, నాలుగు మూలల నుంచి, ఎంతో క్రమశిక్షణగా. ఆ నాలుగు అనే అంకె నా బుర్రలో మెల్లగా దిగింది. బండి పేరు ఇక్కడ చెప్పను, పాపం దాని తప్పేమీ లేదు.

"ఏమైతుంది బావా? డోర్ రబ్బర్ పోయిందా?" అన్నాడు బావమరిది.

"అయివుండొచ్చు," అన్నాను, లుంగీ పిండుకుంటూ. నిజం చెప్పడానికి సీమంతం అయ్యాక కూడా టైం ఉంటుంది కదా.

కానీ అత్తమ్మ అప్పటికే బతికున్న సకినాలను వేరు చేసే పనిలో ఉంది. ఆరబెట్టడానికి గుడ్డ కావాలంది. నేను ప్యాంటు వేసుకోగానే లుంగీ లాక్కుని, గట్టు మీద రాతి పైన పరిచింది. ఒక మూల సరిగ్గా పరుచుకోలేదు. ముడి. విప్పింది. నాలుగు నల్లటి రబ్బరు బిరడాలు దొర్లి సకినాల పక్కన పడ్డాయి. పోకుండా జాగ్రత్తగా ఉండాలని చాయ్‌కి వెళ్లేముందు నేనే వేసిన ముడి. మూడు సార్లు వాగు దాటించిన ముడి.

"ఏందియ్యి అల్లుడా?" అంది అత్తమ్మ ఒకటి చేతిలోకి తీసుకుని. "నువ్వు కూడ ఒడిబియ్యం కట్టుకొచ్చినవా?"

మా ఆవిడ వాటిని గుర్తుపట్టింది. పొద్దున నేను పీకుతుంటే చూసింది కదా. ఏమీ అనలేదు. ఆమె ఏదైనా అనివుంటేనే బాగుండేది.

సీమంతంలో అందరూ సకినాలు తిన్నారు. కొంచెం మెత్తగా ఉన్నాయని ఒకరిద్దరు అంటే, వాళ్లకు వాగు కథ మొదటి నుంచి చివరి దాకా చెప్పారు. భోజనాల దగ్గర ఒక పెద్దాయన నన్ను పిలిచి, "ఎంత లోతు దాక పోతది బాబూ మీ బండి?" అని మర్యాదగా అడిగాడు. వెనకాల పందిరి మొత్తం నిశ్శబ్దమైంది. జీవితంలో మొదటిసారి ఆ అంకె చెప్పలేదు.

తిరుగు ప్రయాణంలో బిరడాలు నాలుగూ బిగించి, అందరికీ చూపించి, తారు రోడ్డు మీదుగా ఇరవై రెండు కిలోమీటర్లు చుట్టూ తిరిగి వచ్చాం. హనుమకొండలో మా వీధి మలుపు దగ్గర వాన గుంత వచ్చింది. నేను అద్దంలో చూశాను. అత్తమ్మ అప్పటికే రెండు కాళ్లూ సీటు మీదికి ఎత్తేసి, ఖాళీ సకినాల డబ్బాను ఒళ్లో పెట్టుకుని గట్టిగా పట్టుకుంది.