షెడ్డు కూడా కట్టడమే

విజయవాడలో లారీలు, ఇతర బండ్ల పని జరిగే ఆటోనగర్‌లో పరిశ్రమల కోసం ఇచ్చిన స్థలాల వినియోగం వేరే అవసరాలకు మార్చాలా వద్దా అన్న వాదన కొన్నేళ్లుగా నడుస్తోంది. ఫీజుల గురించి, గజం ధర గురించి, రాజకీయ లాభనష్టాల గురించి చాలా విన్నాం. అక్కడి షెడ్లు ఎలా కట్టారు, ఎందుకు అలా కట్టారు అన్న మాట మాత్రం నాకు ఒక్కసారీ వినిపించలేదు. నా దృష్టిలో అసలు ప్రశ్న అదే. లారీ బాడీలు కట్టే షెడ్డు కూడా వాస్తుకళే. దాన్ని కాపాడుకోవలసిన బాధ్యత నగరానికి ఉంది.

ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్‌లో పోర్ట్‌లాండ్ వర్క్స్ అనే ఇటుకల కార్ఖానా ఉంది. రాబర్ట్ మోస్లీ అనే చాకుల తయారీదారు కోసం 1870ల చివర్లో కట్టారు. హ్యారీ బ్రియర్లీ 1913లో తుప్పుపట్టని ఉక్కును కనిపెట్టాక, మరుసటి ఏడాది ఆ ఉక్కుతో చాకులు తయారుచేసింది ఇక్కడే. ఆ ఘనత అలా ఉంచితే, నన్ను కట్టిపడేసింది ఆ గదుల అమరిక.

వీధి వైపు యజమాని హోదాకు తగిన ముఖభాగం, బండి పట్టేంత కమాను. కమాను దాటితే నడుమ ఆరుబయలు, దాని చుట్టూ సన్నగా, పొడుగ్గా సాగే పనిగదులు. షెఫీల్డ్ చాకుల కార్ఖానాల్లో ఈ పనిగదుల వరుస సాధారణంగా ఒక్క గది లోతుకు మించదు. చాకు అంచు సరిగా తేలిందో లేదో చెప్పేది పనివాడి కన్ను, ఆ కంటికి కావలసింది వెలుతురు. గది లోతు పెరిగితే కిటికీ దగ్గరి బల్లకు అందే వెలుతురు వెనక బల్లకు అందదు. అందుకే లోపలి వైపు గోడ పొడవునా కిటికీలు, కిటికీల వెంటే బల్లలు. బరువూ అదురూ ఉన్న కొలిమి పని, సానపట్టే పని నేల మీద, పిడి బిగించడం, మెరుగుపెట్టడం లాంటి తేలికపాటి పనులు పై అంతస్తుల్లో. కమానులోంచి లోపలికి వచ్చిన ఉక్కు గది నుంచి గదికి చేతులు మారి, చాకై మళ్లీ అదే కమానులోంచి బయటికి పోయేది. ఒక వస్తువు ఎలా పుడుతుందో ఆ గోడల వరుసలోనే చదువుకోవచ్చు. ఏ రాజభవనం నాకు ఇంత సూటిగా మాట్లాడినట్టు అనిపించదు.

2009లో దాన్ని ఫ్లాట్లుగా మార్చాలన్న ప్రతిపాదన వచ్చింది. అది అక్కడి చట్టం కింద గ్రేడ్ టూ స్టార్, అంటే విశేష ప్రాముఖ్యమున్న కట్టడాలకిచ్చే రక్షణ ఉన్న కట్టడం. కాబట్టి ఫ్లాట్లయినా గోడలు నిలిచేవి, పని మాత్రం పోయేది. అద్దెకున్న పనివారు, ఊరివారు కలిసి వందల మంది వాటాలు వేసుకుని 2013లో ఆ భవనాన్నే కొనేశారు. ఇప్పటికీ అందులో కత్తులు చేసేవారు, లోహపు పనివారు, కళాకారులు పక్కపక్కనే ఉన్నారు.

ఇక మన ఊరు. 1887లో బందరు రోడ్డులో కట్టిన విక్టోరియా జూబ్లీ భవనం మొదట పరిశ్రమల ప్రదర్శనశాల. 1921 నాటి పింగళి వెంకయ్య జెండా జ్ఞాపకంతో, ఇప్పుడు బాపు మ్యూజియం పేరుతో దాన్ని నిలబెట్టుకున్నాం. మంచి పని. ఉండవల్లి గుహలను కాపాడుకున్నాం. ఆ గుహల పై అంతస్తును అసంపూర్తిగా వదిలేశారు. ఉలి ఆగిపోయిన ఆ చోటుకు విలువనిచ్చిన మనం, ఈ ఉదయం కూడా సుత్తి మోగిన చోటుకు ఎందుకు ఇవ్వం?

ఆటోనగర్ 1960లలో పుట్టింది. అక్కడి పాత షెడ్డు ముందు ఒకసారి నిలబడి చూడండి. లారీ బాడీ ఎత్తును బట్టి గేటు ఎత్తు. రేకుల వేడి మనిషి తలకు తగలకుండా పైకప్పు అంతకంటే పైకి. బరువులెత్తే చైన్ బ్లాకు వేలాడే ఇనుప దూలం, బండి కిందికి దిగి పనిచేయడానికి తవ్విన గుంట. ముందు వైపు గోడే ఉండదు, ఎందుకంటే గాలీ వెలుతురూ అటే రావాలి. వెల్డింగ్ షెడ్డు పక్కన టింకరింగ్, దాని పక్కన పెయింటింగ్. పోర్ట్‌లాండ్‌లో ఒక్క ప్రాంగణంలో జరిగిన పని ఇక్కడ వీధి పొడవునా జరుగుతుంది. ఆ వీధే దాని ప్రాంగణం.

పనివాడి కష్టాన్ని అందంగా చూపించి, మురికిని చరిత్ర పేరుతో దాచకూడదని కొందరంటారు. న్యాయమైన మాటే. షెఫీల్డ్‌లో సానపట్టేవారు రాతిధూళి పీల్చి చిన్నవయసులోనే చనిపోయేవారు. అయితే దానికి మందు ధూళిని లాగే యంత్రం, మంచి మురుగు కాలువ, గట్టి తనిఖీ. అపార్ట్‌మెంటు కట్టి పనివాణ్ణి ఇరవై మైళ్ల అవతలికి పంపితే అతని ఊపిరితిత్తులు బాగుపడవు.

చట్టం కూడా మనకు అడ్డమే. 1958 నాటి కేంద్ర చట్టం కింద పురాతన కట్టడం కావాలంటే కనీసం 100 ఏళ్లుండాలి. అరవై ఏళ్ల షెడ్డు అంతవరకు ఆగదు. ముంబయి 1995లోనే నగర స్థాయిలో వారసత్వ కట్టడాల జాబితా, నిబంధనలు తెచ్చుకుంది. విజయవాడ, గుంటూరు నగరపాలక సంస్థలు కూడా అలాంటి జాబితా చేసుకోవాలి. అందులో పని ఆగకూడదన్న షరతు రాయాలి.

నా అసలు బాధ ఇంకొకటి ఉంది. విజయవాడ నుంచి గుంటూరు దాకా రోడ్డు పొడవునా ఇంజినీరింగ్ కళాశాలలే. అక్కడి పిల్లలు కంప్యూటర్ సైన్సు సీటు కోసం పోటీ పడుతున్నారు, లేత్ మిషన్ మీద చెయ్యి వేయకుండానే పట్టా పుచ్చుకునేవారు ఎందరో. కాలేజీ బస్సు ఆటోనగర్ మీదుగా వెళ్తుంది కానీ అక్కడ ఆగదు. ఇనుప రేకును కంటితో కొలిచి వంచగలిగే మేస్త్రీని మనం చదువుకోనివాడి కింద లెక్కకట్టాం. అతని షెడ్డునూ అదే కంటితో చూశాం. చేతిపనిని చదువు కిందికి నెట్టిన ఈ చూపు మారనంతకాలం ఏ జాబితాలోనూ ఆ షెడ్డుకు చోటు దొరకదు.

2008 నుంచి విజయవాడలో ప్రణాళిక, వాస్తుకళలు బోధించే జాతీయ విద్యాసంస్థ ఉంది. అక్కడి విద్యార్థులు ఈ వేసవిలోనే ఆటోనగర్‌లో ఒక వీధి తీసుకుని పది షెడ్లను కొలిచి గీయాలి. మధ్యాహ్నం రెండు గంటలకు వెలుతురు ఎక్కడ పడుతుందో, బల్ల అక్కడే ఎందుకుందో మేస్త్రీని అడిగి ఆ గీతల పక్కన రాసుకోవాలి. ఆ కాగితాలు నగరపాలక సంస్థ బల్ల మీదికి చేరిన రోజున, స్థలాల గురించిన వాదనలో మొదటిసారి షెడ్డు కూడా కూర్చుంటుంది.