అందరి అల్మారాల్లో టైగరేనా?

మొన్న ఆదివారం కూకట్‌పల్లిలో ప్లాస్టిక్ ముక్కలు అతికించి యుద్ధ వాహనాల చిన్న మోడల్స్ చేసే మిత్రులం పది మందిమి ఒకరింట్లో కలిశాం. తలా ఒకటి తెచ్చి బల్ల మీద పెట్టారు. సగానికి పైగా జర్మన్ ట్యాంకులే, అందులో నాలుగు టైగర్లు! రెండో ప్రపంచ యుద్ధంలో జర్మనీ వాళ్లు చేసిన టైగర్-1 ట్యాంకులే సుమారు 1,350, ప్రపంచంలో మనలాంటి వాళ్ల అల్మారాల్లో ఉన్నవి అంతకు ఎన్ని రెట్లో! నా దగ్గరా ఒకటుంది, కాదనను. కానీ ఎన్నని చేస్తారు బాబూ?

పక్కనే సంగారెడ్డి జిల్లా ఎద్దుమైలారంలో సైనికుల్ని మోసే రష్యన్ సాయుధ వాహనం బీఎంపీ-2ని 'సారథ్' పేరుతో మనవాళ్లే తయారు చేశారు. అది చేద్దామంటే ఒకాయన "దానికి కిట్ ఎక్కడిది భయ్యా" అంటాడు. రష్యన్ కిట్ కంపెనీ జ్వెజ్దా వాళ్ల 1/35 (అసలు దానిలో 35వ వంతు) బీఎంపీ-2 తెచ్చుకో, దాంతో వచ్చే రష్యన్ డీకాల్స్ (గుర్తుల స్టిక్కర్లు) పక్కన పడేయ్, మన ఆకుపచ్చ రంగు కలుపుకో. 19 సెంటీమీటర్ల బండి, ఓ మూల సర్దుకుంటుంది.

1965 సెప్టెంబర్‌లో పంజాబ్‌లోని అసల్ ఉత్తర్‌లో పాకిస్తాన్ ప్యాటన్ ట్యాంకులను ఆపిన వాళ్లలో అమెరికా షెర్మన్ ట్యాంకులతో దిగిన మన సైన్యపు దక్కన్ హార్స్ దళం ఉంది. పేరులోనే దక్కన్, మూలాలు నిజాం గుర్రపు దళాల్లో. షెర్మన్ కిట్ ఏ కంపెనీని అడిగినా ఉంటుంది. అయినా మనవాళ్లు దాని మీద అమెరికా నక్షత్రమే అతికిస్తారు, ఎందుకంటే పెట్టెలో వచ్చింది అదే కాబట్టి. ఒళ్లు మండేది అక్కడే.

నేను అదే యుద్ధంలో జీపు మీది గన్‌తో ప్యాటన్‌లను పేల్చిన మన సైనికుడు అబ్దుల్ హమీద్ జీపు చేశాను. గన్ గొట్టం సరిగ్గా దొరక్క స్ప్రూని (కిట్ ముక్కలు అంటుకుని వచ్చే ప్లాస్టిక్ కాడని) కొవ్వొత్తి మీద వేడి చేసి సాగదీశాను, రెండుసార్లు తెగింది. మనిషి 5 సెంటీమీటర్లు, ముఖమేమో కందిగింజంత. ఒక కన్ను కుదిరితే రెండోది మెల్ల వస్తుంది, తుడిచి మళ్లీ మొదలు. మే నెలలో ఫ్యాన్ వేస్తే అక్రిలిక్ బ్రష్ కొసనే ఎండిపోతుంది, ఆపితే చెమట చుక్క బొమ్మ నెత్తిన. ఇక వానాకాలంలో మ్యాట్ (మెరుపు లేని) వార్నిష్ కొట్టి బానెట్ అంతా తెల్లగా పొగచూరినట్టు చేసుకున్నాను, అది నా తొందర, ఎవర్నీ అనేది లేదు.

దసరాకి అమ్మ ఆ జీపును బొమ్మల కొలువులో కొండపల్లి అంబారీ పక్కన పెట్టింది. పేరంటానికొచ్చిన అత్తయ్య "ఈ వయసులో బొమ్మలేంట్రా" అంటూనే వంగి చూసి "ఇతనెవరు?" అంది. చెప్పాను. ఆవిడ మనవడు పది నిమిషాలు అక్కణ్నుంచి కదల్లేదు. నా టైగర్ గురించి ఇన్నేళ్లలో ఒక్కరూ అలా అడగలేదు.

ఇప్పుడు సారథ్ మొదలుపెట్టాను. "కొలువుకి అందుతుందా" అని అమ్మ రోజూ అడుగుతోంది. ట్రాక్ లింకులు (చక్రాల చుట్టూ తిరిగే గొలుసు ముక్కలు) ఇంకా ఒక వైపువే అయ్యాయి.