పారతో లేపిన పెళ్ళ, అంగారకుడి రాయి

"అంగారకుడి మీద సరస్సులు ఉండేవన్నది కట్టుకథ. ఆ పొరలు గాలి పేర్చిన దుమ్ము. డెల్టా అనేది పైనుంచి తీసిన ఫొటోలు చూసి చెప్పే ఊహ. నీళ్ళుంటే ఇప్పుడేవి?" ఈ మెసేజ్ వారం నుంచి మా కోనసీమ గ్రూపుల్లో తెగ తిరుగుతోంది. మా బాబాయి గారూ పంపారు. ఒండ్రు మీద ఇల్లు కట్టుకుని ఇది నమ్మితే ఎలాగండీ!

గాలి మాట సగం నిజమే. అంగారకుడి మీద గేల్ అనే పెద్ద గుంట (బిలం) ఉంది, అందులో గాలి పేర్చిన ఇసుకరాయి కూడా ఉంది. కానీ 2012లో అక్కడ దిగిన కొన్ని వారాలకే నాసా పంపిన క్యూరియాసిటీ రోవర్‌కి (నేలమీద తిరిగే యంత్రపు బండి) గుండ్రటి గులకరాళ్ళు అతుక్కున్న రాతిపలక కనిపించింది. వాటిలో కొన్ని నిమ్మకాయంత ఉన్నాయి. అక్కడి వాతావరణం మన దాంట్లో నూరో వంతు కూడా లేదు. ఆ గాలి వీటినేం దొర్లిస్తుంది? పారే నీళ్ళే దొర్లించి గుండ్రం చేసి ఉండాలి.

ఇక బురద సంగతి. వరద తీశాక గోదావరి లంకలోకి వెళ్ళి చూడండి. జోరుగా పారినచోట ఇసుక ఉంటుంది. నీరు కదలకుండా నిలిచిన పల్లంలోనే మెత్తటి బురద దిగుతుంది. నాలుగు ఎండలు కాస్తే నెర్రెలిచ్చి, అంచులు అప్పడంలా పైకి లేస్తాయి. పారతో ఒక పెళ్ళ లేపి పక్కనుంచి చూస్తే పొర మీద పొర, కాగితాల కట్టలా కనిపిస్తుంది. గేల్‌లో 2013లో రోవర్ డ్రిల్ చేసింది అలా గట్టిపడిన బురదరాయినే. పైకి ఎర్రగా ఉన్నా లోపలినుంచి బూడిదరంగు పొడి వచ్చింది. అందులో ఐదో వంతు దాకా బంకమన్ను ఖనిజాలే. రాయి నీళ్ళలో నానితే పుట్టే సరుకది. 2016 డిసెంబరులో నెర్రెల గుర్తులున్న పలక కూడా దొరికింది. అంటే ఆ బురద మధ్యమధ్యలో ఎండిందన్నమాట.

అంగారకుడి మీదే ఇంకోచోట, జెజెరో బిలంలో డెల్టా ఉందని మొదట పైనుంచి తీసిన ఫొటోలు చూసే అన్నారు, నిజమే. 2021లో పర్సెవరెన్స్ అనే మరో రోవర్ అక్కడ దిగి, కోడియాక్ అనే గుట్టను నేలమీదనుంచే ఫొటో తీసింది. కింద చదును పొరలు, మధ్యలో ఏటవాలు పొరలు, పైన మళ్ళీ చదును. ఏరు నిలవనీటిలో కలిసేచోట, మేట ముందుకు జారుతూ పెరిగితే వచ్చే వరస అది.

నీళ్ళేవి అంటారా? కొంత ధ్రువాల దగ్గర మంచుగా ఉంది, కొంత రాళ్ళలో ఇంకింది, కొంత అంతరిక్షంలోకి పోయింది. ఈ పోవడాన్ని అంగారకుడి చుట్టూ తిరిగిన నాసా వారి మావెన్ నౌక కొలిచింది కూడా.

ఇదంతా బాబాయి గారికి పంపితే, "అయితే చేపలుండేవంటావా?" అని అడిగారు. చేప దాకా ఎందుకండీ, సూక్ష్మజీవి ఉండేదనైనా ఇంకా రుజువు కాలేదు.