కాల్చినవాళ్లే దర్యాప్తు చేస్తే ఎలా?

2026 జనవరి 7న మినియాపోలిస్‌లో కేంద్ర ప్రభుత్వ ఇమిగ్రేషన్ ఏజెంట్ ఒకడు కారులో ఉన్న 37 ఏళ్ల మహిళను కాల్చి చంపాడు. ఆమె ముగ్గురు పిల్లల తల్లి, అమెరికా పౌరురాలు. దర్యాప్తు ఊసే లేకుండా, అదే రోజు హోంల్యాండ్ సెక్యూరిటీ మంత్రి హోదాలో క్రిస్టీ నోయెమ్ ఆమె చేసింది ఉగ్రవాదమని తేల్చేశారు. ఆ తర్వాత మిన్నెసోటా రాష్ట్ర దర్యాప్తు సంస్థను పక్కకు నెట్టి, కేసు మొత్తం కేంద్ర సంస్థ ఎఫ్‌బీఐ చేతిలోకి తీసుకున్నారు.

అదే నెల 24న, అదే ఊళ్లో, మాజీ సైనికుల ఆసుపత్రి ఐసీయూలో పనిచేసే నర్సు ఒకాయన ఏజెంట్లను ఫోన్‌లో వీడియో తీస్తున్నాడు. ఏజెంట్లు నెట్టేసిన ఒక మహిళకు అడ్డంగా వెళ్లాడు. ముఖాన పెప్పర్ స్ప్రే కొట్టారు, పలువురు మీదపడి నేలకు అదిమారు, ఆపైన కాల్చి చంపారు. ఆయన దగ్గర లైసెన్సున్న తుపాకీ ఉన్నమాట నిజమే, కానీ కాల్చకముందే ఒక ఏజెంటు దాన్ని తీసేసుకున్నట్టు అక్కడివాళ్లు తీసిన వీడియోల్లో కనిపిస్తోంది. ప్రభుత్వం మాత్రం ఏజెంట్లను ఊచకోత కోయడానికే వచ్చినట్టున్నాడని ప్రకటించింది.

ఆత్మరక్షణ కోసం కాల్చాం అనే ప్రకటనలు తెలుగువాళ్లం చాలా చదివాం. 2019లో దిశ కేసు నిందితులను చంపిన చటాన్‌పల్లి ఎన్‌కౌంటర్‌కు పూలు చల్లారు, 2022లో సిర్పూర్కర్ కమిషన్ ఆ పోలీసు కథనాన్ని నమ్మలేమని చెప్పింది. ఎన్‌కౌంటర్ మరణాల దర్యాప్తు సీఐడీకో, వేరే స్టేషన్ పోలీసులకో ఇవ్వాలని మన సుప్రీంకోర్టు 2014లోనే ఆదేశించింది. అమలు ఎలా ఉందన్నది వేరే గొడవ, నియమమైతే ఉంది.

అమెరికాలో చిక్కు ఇంకా లోతైనది. ఊరి పోలీసు కొట్టినా కాల్చినా బాధితులు 1871 నాటి పౌరహక్కుల చట్టం కింద నేరుగా అతని మీదే దావా వేయొచ్చు. కానీ ఆ చట్టంలో రాష్ట్రాల అధికారం చెలాయించేవాళ్ల ప్రస్తావనే ఉంది, ఫెడరల్ (కేంద్ర ప్రభుత్వ) ఏజెంట్ల ఊసు లేదు. ఆ లోటు పూడ్చడానికి 1971లో బివెన్స్ కేసులో సుప్రీంకోర్టు ఒక దారి తెరిచింది, 2022లో ఎగ్బర్ట్ కేసులో, అదీ ఒక బోర్డర్ పెట్రోల్ ఏజెంటు మీద వేసిన కేసులోనే, ఆ దారిని దాదాపు మూసేసింది. ప్రభుత్వం మీద పరిహారం కేసు వేసుకోవచ్చు, కానీ డబ్బు కట్టేది ఖజానా, చెయ్యి చేసుకున్నవాడికి చీమ కుట్టినట్టు కూడా ఉండదు.

మాకు కాగితాలన్నీ ఉన్నాయి, మాకెందుకీ టెన్షన్ అనుకునే మనవాళ్లు నేపర్‌విల్‌లోనూ డాలస్‌లోనూ తక్కువేం లేరు. మినియాపోలిస్‌లో చనిపోయిన ఇద్దరూ పౌరులే, వాళ్లకు వీసా గొడవే లేదు. హెచ్-1బీ మీద ఉన్నవాడు రేపు ఇలాంటి చోట ఇరుక్కుంటే నోరు విప్పడానికే భయపడతాడు. అందుకే పౌరసత్వం వచ్చిన తెలుగువాళ్లు, మన సంఘాల పెద్దలు, తమ కాంగ్రెస్ సభ్యులను ఇప్పుడే నిలదీయాలి.

ఏజెంట్ల ముఖాలకు ముసుగులు తీయించాలి, ఛాతీ మీద పేరో నంబరో కనబడాలి. ప్రాణం పోయిన ప్రతి కేసులో రాష్ట్ర దర్యాప్తు సంస్థకు సాక్ష్యాలు ఇవ్వాలి. ఇల్లినాయ్ 2025 డిసెంబర్‌లో ఇలాంటి ఏజెంట్ల మీద దావా వేసే హక్కు కల్పిస్తూ సొంత చట్టం చేసుకుంది, దాని మీద కేంద్ర న్యాయశాఖ కోర్టుకెక్కింది. ఒక్కో రాష్ట్రం ఒక్కో పోరాటం చేసే అవసరం లేకుండా, 1871 చట్టంలో ఫెడరల్ అధికారులను కూడా చేరుస్తూ కాంగ్రెస్ ఒక్క సవరణ చేస్తే చాలు.